విల్హెల్మినె ష్రోడర్-డెవ్రియంటు: గాయనీచరిత్రమునకు సాక్ష్యములు

కవి గతించినను కృతి నిలుచును. ధ్వనిముద్రణ యంత్రము వెలయకమునుపు పాడినవారి గానమన్ననో, వారితోడనే యంతరించినది. మిగిలినవి విన్నవారి మాటలే. ఆ మాటలలో వేనిని విశ్వసింపవలయునను విచారణకు ఈ జర్మను గాయని చరిత్రము తగిన యుదాహరణము.

ఈమె 1804 డిసెంబరులో హాంబుర్గు నగరమున జన్మించెను. తల్లి సోఫీ ష్రోడరు విషాదాంత నాటకములందు ప్రఖ్యాతి గన్న నటి, తండ్రి గాయకుడు. విల్హెల్మినె బాల్యమున నృత్యమును, పిదప నటనమును అభ్యసించి, ఆపెరా యనబడు సంగీతనాటకమునకు తరువాత వచ్చెను. ఈ క్రమము ముఖ్యము. ఈమె విశేషమంతయు నిందుండియే పుట్టినది. 1821లో వియన్నాయందు మొట్సార్టు కృతిలో పమీనా పాత్రమును ధరించెను. మరుసటి యేడు నవంబరులో, పదునెనిమిదేండ్లు నిండకమునుపే, బేతోవెను రచించిన ‘ఫిడేలియో’లో నాయికయైన లెయొనోరె యయ్యెను. చెఱలోని భర్తను రక్షించుటకై పురుషవేషమున ప్రవేశించిన యా యిల్లాలు, హంతకునికెదుట తుపాకి యెత్తి నిలుచు ఘట్టము ఆ నాటకమునకు ప్రాణము. అచ్చట నొక పదమును ఈమె పాడక పలికెడిదట.

ఈ విషయమున రెండు సాక్ష్యములు గలవు. ఆ పలుకు తన్ను కంపింపజేసినదని వాగ్నరు కొనియాడెను. పాడవలసిన పదములను పలుకుట ఈమె దుర్గుణమని ఫ్రెంచి సంగీతకర్త బెర్లియోజు గర్హించెను. స్తోత్రము చేసినవాడును దూషించినవాడును ఒక్క సంగతినే చెప్పుచున్నారు గనుక, గానమునకంటె నభినయమునకే ఈమె ప్రాధాన్య మిచ్చెననుట నిస్సంశయము.

వాగ్నరు చెప్పిన ప్రతిమాటయు నిట్లే గ్రాహ్యమని యనరాదు. 1829లో లైప్సిగునందు ఈమెను లెయొనోరెగా చూచుటవలననే తన జీవితమార్గము నిశ్చితమైనదని ఆయన ఆత్మచరిత్రమున వ్రాసికొనెను. ఆ యేట అచ్చట నట్టి ప్రదర్శనము జరిగినట్లు ఆధారము దొరకలేదు. 1834లో ఆమె ఆ నగరమున బెల్లీని కృతిలో రోమియో వేషము ధరించుట మాత్రము స్పష్టము. వృద్ధాప్యస్మృతి రెండనుభవములను ముడివేసినదని నా యభిప్రాయము. ఐనను ఆయన ఋణము కల్పితము కాదు: 1842, 1843, 1845 సంవత్సరములలో డ్రెస్డెనులో ఆయన మూడు కృతుల ప్రథమప్రదర్శనములందును ఈమె ముఖ్యపాత్రములను ధరించెను. షూమను సైతము 1844లో ప్రకటించిన ‘కవిప్రేమ’ గీతమాలను ఈమెకే యంకితమొనర్చెను.

నటుడైన కార్ల్ డెవ్రియంటుతోడి వివాహము 1823 మొదలు 1828 వఱకే నిలిచెను. 1847లో ఈమె డ్రెస్డెను రంగశాలను వీడెను. 1849 మేలో ఆ నగరమున తిరుగుబాటు చెలరేగగా ప్రజాపక్షమున నిలిచి నిర్బంధమునకు గుఱియయ్యెను. 1860 జనవరిలో కోబుర్గునందు గతించెను. తరువాత నొక గాయని స్మృతులను పేర అశ్లీలగ్రంథ మొకటి వెలువడగా, లోకము దానిని ఈమెకు అంటగట్టినది. అది ఈమె రచనయనుటకు ప్రమాణ మేమియు లేదు.