పెరటి కోడి, పెరటి కూర: వెనుకటి చరిత్ర



"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని మనలో ఒక సామెత వున్నది. దగ్గర వున్నదాని విలువ మనిషికి తెలియదని దాని భావం. పొలం చరిత్ర, చెరువు చరిత్ర చెప్పేవారు వున్నారు గాని, పెరటి చరిత్ర అడిగేవారు తక్కువ. ఈ పూట ఆ సంగతి చెప్పుకుందాం.

మన వాకిట్లో తిరిగే కోడి అడవికోడి సంతతి. థాయిలాండు ప్రాంతంలో సుమారు 3,500 ఏండ్ల క్రిందట, వరి, చిరుధాన్యాల కోసం అడవికోళ్ళు మనిషి దరికి చేరి, అక్కడనే మచ్చిక అయినవని 2022లో వెలువడిన పరిశోధనలు తెలుపుతున్నవి. అంటే, రాలిన గింజే కోడిని ఇంటికి పిలిచిందన్నమాట! నేటికీ పెరటి కోడి కల్లంలో రాలిన గింజలు, పురుగులు, వంటింటి వ్యర్థం ఏరుకొనే బ్రతుకుతుంది. ఖర్చు తక్కువ గనుకనే బీదవాని ఇంట అది నిలిచింది.

ఇక కూరగాయల మాట. వంకాయ మన ప్రాంతాలదే. మునగ హిమాలయ పాదాల నుంచి వచ్చింది. మిరప, టొమాటో, బొప్పాయి మాత్రం అమెరికా ఖండం నుంచి వచ్చినవి. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన తరువాత, పోర్చుగీసువారి ఓడల రాకపోకలతో మిరప మన దేశంలో దిగింది. అంతకుముందు కారమంటే మిరియమే. మిరపకాయ లేని ఆంధ్రుల ఇల్లు వుండేదంటే నమ్మగలమా? కొత్త మొక్కను పెరట్లో పెట్టి, రుచి చూసి, విత్తనం కట్టి దాచిన ఆడవారి చలవ వల్లనే అది మనదైంది.

పెరటికి పెద్ద దెబ్బ కొట్టింది కొక్కెర తెగులు. 1926లో జావాలోను, ఇంగ్లండులో న్యూకాజిల్ అనే పట్టణం వద్దను ఇది కనిపించింది. తరువాత కొద్దికాలానికే మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేతులో బయటపడింది. అందుచేత ఇక్కడ దానికి రాణిఖేత్ వ్యాధి అని పేరు. కోడి నోరు తెరచి గురక పెడుతుంది, ఆకుపచ్చగా పారుకుంటుంది, మెడ మెలి తిరుగుతుంది. ఒక ఇంట దూరితే వారం పది రోజుల్లో వీధి వీధంతా గూళ్ళు ఖాళీ. వచ్చిన తరువాత మందు లేదు. అయితే ఆ కుమావూ కొండల్లోనే వున్న ముక్తేశ్వరం పరిశోధనాలయంలో, 1940ల్లో, ఈ తెగులు క్రిమినే కోడిగుడ్లలో పెంచి, బలం తగ్గించి టీకా తయారుచేశారు. జబ్బు పేరు, దాని టీకా రెండూ ఆ కొండలవే కావడం విశేషం.

ప్రభుత్వం చేసిన ప్రయత్నాలు కూడ చెప్పుకోవాలి. 1942లో బర్మా జపానువారి వశమై బియ్యం రాక ఆగిపోయింది. దరిమిలా ఆహారోత్పత్తి పెంచండనే ఉద్యమం వచ్చి, ఖాళీ జాగాలన్నిట కూరలు వేయమన్నారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకాలు ఆరంభమైనవి. 1959లో ఒరిస్సాలో మొదలైన అనువర్తిత పోషకాహార పథకం తరువాత ఆంధ్రప్రదేశ్‌కు కూడ వచ్చింది. ఊరికి ఉమ్మడి తోట, కోళ్ళు, చేపలు అన్నారు. ఉద్దేశం మంచిదే. కాని చాలాచోట్ల సహాయం ఆగగానే ఉమ్మడి తోట ఎండింది. గుడ్లు సంతకు పోయినవిగాని పిల్లల నోటికి అందలేదు. అందరిదీ అన్న తోటకు నీళ్ళు పోసేదెవరు? ఇంటి వెనుక పాదుకైతే అంట్లు తోమిన నీళ్ళే చాలు.

ఈ లోటు చిన్నది కాదు. ఏ విటమిను చాలక పసిపిల్లలు రేచీకటితో మొదలై చూపు పోగొట్టుకొనేవారు. అందుకే 1970లో దేశంలో పిల్లలకు ఆరు నెలలకొకసారి ఏ విటమిను ద్రావకం పోసే పథకం పెట్టారు. అదే సత్తువ తోటకూరలో, మునగాకులో, బొప్పాయి పండులో వున్నది. కూర వండేటప్పుడు కాస్త నూనె పడితే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. చూశారా, పెరటి చెట్టు వైద్యానికి పనికివచ్చింది!

1970ల తరువాత కోళ్ళ ఫారాలు పెరిగినవి, గుడ్డు చౌక అయినది. అయినా పెరటి కోడి పని తీరలేదు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. ఇవి నాటుకోడి కంటె ఎక్కువ గుడ్లు పెడతవి. కాని పొదగడంలో నాటు పెట్టకు సాటి రావు; కనుక ఒకటి రెండు నాటు పెట్టలను వుంచుకోవలెను.

ఈ చరిత్రంతా మనకు చెప్పే సంగతులు మూడు. ఒకటి, పిల్లకు మొదటి వారంలో కంట్లో చుక్క టీకా, ఎనిమిది వారాలు దాటినాక రెక్క క్రింద టీకా వేయించండి. ఎండలు ముదరకముందే, తెల్లవారుఝామున కోళ్ళను వదలకముందే, ఊరంతా ఒకే రోజున వేయించితేనే ఫలం. టీకామందును మంచులో వుంచి తేవాలి. రెండు, పెరట్లో ఒక మునగ, ఒక బొప్పాయి, రెండు మళ్ళ ఆకుకూర తప్పకుండా వుండాలి. చుట్టూ కంప నాటకపోతే కోళ్ళే మొలకలు గీకి పారేస్తవి. మూడు, గుడ్లు అమ్ముకోండి, తప్పులేదు. కాని మొదటి గుడ్డు ఇంట్లో బిడ్డది, రెండవది బాలింతది. ఆ తరువాతనే సంత.