గొడ్ల డాక్టరుకు లైసెన్సు ఎప్పుడొచ్చింది?



మన మాలూరు సంఘంలో ఒకరింటి ఆడబిడ్డ పశువైద్యం చదువు ముగించి కర్ణాటక వెటర్నరీ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుంది. గ్రూపులో అందరూ పూల బొమ్మలు పెట్టారు. ఒక పెద్దాయన మాత్రం, "గవర్నమెంటు ఉద్యోగం ఇంకా రాలేదు కదమ్మా, అప్పుడే ఏం సంబరం?" అన్నారు. ఆయన్ని తప్పు పట్టం. మన తాతల కాలం నుంచి ఆర్డరు చేతికొస్తేనే గొడ్ల డాక్టరు. ఆ లెక్క ఎట్లా మారిందో నాలుగు మాటలు రాస్తాం. మేము చదివింది తమిళ బడిలో, అక్షరదోషాలుంటే సర్దుకోండి.

పాతకాలంలో గొడ్లకు అన్నిటికంటే పెద్ద భయం ముసర వ్యాధి. కన్నడం వాళ్లు దొడ్డరోగ అంటారు, తమిళంలో వెక్కై. పేర్లు మూడైనా, వచ్చిందంటే కొట్టం ఖాళీ. దానికి సీరం తయారుచేయడానికే మైసూరు సంస్థానం 1925లో హెబ్బాళలో సీరం ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. ఆ రోగం మన దేశంలో పోయిందని 2006లోనూ, లోకంలోనే లేదని 2011లోనూ ప్రకటించారు.

సీరం ఉంటే చాలదు, సూది వేసే మనిషి కావాలి. మదరాసు వెటర్నరీ కాలేజీ 1903లో సైదాపేటలో ఇరవైమంది పిల్లలతో మొదలై, తరువాత వేపేరికి మారింది. 1936లో యూనివర్సిటీతో చేరినాకే అక్కడ డిగ్రీ వచ్చింది. హైదరాబాదులో కాలేజీ 1946లో, తిరుపతిలో 1955లో, మనకు దగ్గరగా హెబ్బాళలో 1958లో వచ్చాయి. అంతకు ముందు ఈ పక్క పిల్లోడికి గొడ్ల డాక్టరు కావాలని ఉంటే మదరాసు రైలెక్కాల్సిందే. మన లైను 1864లోనే పడింది కాబట్టి రైలుకు కొదవలేదు, డబ్బుకే కొదవ.

చదువైతే ఉంది. కానీ చదివినవాడే వైద్యం చేయాలని చట్టం లేదు. ఇంగ్లండులో 1881లోనే, పట్టికలో పేరు లేనివాడు వెటర్నరీ సర్జన్ అని బోర్డు పెట్టుకోకూడదని చట్టం చేసుకున్నారు. దొరలు ఇక్కడ పట్టాలు వేశారు, టపా నడిపారు, ఆ చట్టం మాత్రం తేలేదు. అందుకే ఇక్కడ సర్కారు కొలువే లైసెన్సు. ఆస్పత్రిలో కుర్చీ ఉంటే డాక్టరు, కుర్చీ దిగితే మామూలు మనిషి.

మన దేశానికి ఆ చట్టం వచ్చింది 1984లో, ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ యాక్టు. ఇంత ఆలస్యానికి ఒక కారణం రాజ్యాంగంలోనే ఉంది. పశువైద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. రాష్ట్రాలు తీర్మానం చేసి అడిగితేనే కేంద్రం చట్టం చేయగలదు. మొదట హర్యానా, బీహారు, ఒరిస్సా, హిమాచల్, రాజస్థాన్ అనే ఐదు రాష్ట్రాలకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ చేశారు, మిగతావి తరువాత చేరాయి. కౌన్సిల్ ఏర్పడింది 1989లో.

ఆ చట్టంలో 30వ సెక్షన్ చూడండి. పట్టికలో పేరు లేనివాళ్లు సర్కారు ఆస్పత్రిలో డాక్టరుగా ఉండకూడదు, వైద్యం చేయకూడదు, ఆరోగ్య సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టకూడదు, కోర్టులో నిపుణుడిగా సాక్ష్యం చెప్పకూడదు. అంటే ముందు పేరు, తరువాతే ఉద్యోగం. మన పెద్దాయన చెప్పిన వరస తలకిందులైంది.

సంతకం అంటే రైల్వేవాళ్లకు బాగా తెలుసు. 1978 రవాణా నియమాల ప్రకారం, ప్రయాణానికి తగినట్టున్నాయి, అంటురోగం లేదు అని అర్హత ఉన్న పశువైద్యుడు రాసిచ్చిన కాగితం లేకపోతే ఆవులనూ ఎద్దులనూ బుక్ చేసుకోకూడదు. బ్రాడ్‌గేజి వ్యాగనులో పెద్ద గొడ్లయితే పదికి మించకూడదు. ఆ కాగితం కింద సంతకం ఎవరిదని చూడడం గుమాస్తా పని. సంతకం వెనక రిజిస్టరు నంబరు ఉంటే, రేపు గొడవొస్తే పట్టుకోవడానికి మనిషి దొరుకుతాడు.

ఇంకో పక్క కూడా చెప్పాలి. నడిరాత్రి ఆవుకు దూడ అడ్డం తిరిగితే ఊళ్లోకి వచ్చేది చాలాసార్లు డాక్టరు కాదు, కాంపౌండరు, లేకుంటే సూది వేసే కుర్రోడు. చట్టం వాళ్లను పూర్తిగా తోసేయలేదు. డిప్లొమా, సర్టిఫికెట్టు ఉన్నవాళ్లు నమోదైన డాక్టరు అజమాయిషీలో చిన్నచిన్న పనులు చేయొచ్చని రాష్ట్రం అనుమతి ఇవ్వొచ్చు. అజమాయిషీ కాగితం మీద ఉంటే చాలదని మా అభిప్రాయం. కోలారు జిల్లాలో ఎన్నో ఇళ్లు పాలమీదే బతుకుతున్నాయి. ఒక్క ఆవు పోతే ఆ ఇంటి పిల్ల ఫీజు పోయినట్టే.

చదివే పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాదికి తాత్కాలిక నమోదు ఉంటుంది, అది ముగిశాకే అసలుది. డిగ్రీ ఇచ్చిన కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందా లేదా అని చేరకముందే చూసుకోవాలి. మనవాళ్లు హెబ్బాళలో చదివినా, తిరుపతిలో చదివినా, తమిళనాడులో చదివినా, పని ఎక్కడ చేస్తే ఆ రాష్ట్రం పట్టికకు పేరు మార్పించుకునే దారి చట్టంలోనే ఉంది. మనది మూడు రాష్ట్రాల మూల కాబట్టి ఇది అక్కరకొస్తుంది. ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ తారీఖు ఇంటి క్యాలెండరు మీద కాకుండా సర్టిఫికెట్టు వెనకే రాసుకోండి, క్యాలెండరును జనవరిలో చించేస్తాం.