గుట్టకు మొక్కారు, కమ్యూనిస్టుకు ఓటేశారు

ప్రత్యేక సంచికకు మన నల్లగొండ చరిత్ర గురించి నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం వారు కోరారు. భక్తిపరులైన వృద్ధులు పాత పద్ధతులకే కట్టుబడి ఉంటారని, మార్పు కోరే అభ్యర్థికి ఓటు వేయరని చాలామంది అంటుంటారు. 1952 నాటి మన జిల్లా ఎన్నిక ఆ మాటకు మంచి సమాధానం.

స్వతంత్ర భారతదేశపు మొదటి ఎన్నికలలో నల్లగొండ లోక్‌సభ స్థానానికి రావి నారాయణరెడ్డి గారు పోటీ చేశారు. కమ్యూనిస్టు పార్టీపై హైదరాబాదు రాష్ట్రంలో నిషేధం ఉన్నందున ప్రజాస్వామిక ప్రజా కూటమి, అనగా పి.డి.ఎఫ్. పేరున నిలబడ్డారు. ఆయనకు 3,09,162 ఓట్లు వచ్చాయి. దేశంలో అవే అత్యధికం, నెహ్రూ గారికి వచ్చిన వాటికంటె ఎక్కువ. ఇద్దరివీ ద్విసభ్య నియోజకవర్గాలే. నల్లగొండ రెండవ స్థానమూ పి.డి.ఎఫ్.కే చెందిన సుకం అచ్చాలు గారికి దక్కింది.

ఆ రోజులలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టె మీది గుర్తు చూసి అందులో చీటీ వేయాలి. అక్షరం రాని ముసలివారు కూడా పొరపాటు లేకుండా వేశారు.

ఇందులో విశేషమేమంటే, హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును నడిపించిన స్వామి రామానంద తీర్థ సన్యాసి, కాషాయధారి. ఇవతల పక్షంవారు దేవుణ్ణి నమ్మని పార్టీవారని ప్రతీతి. అయినా యాదగిరి గుట్టకు, చెరువుగట్టుకు, జాన్‌పహాడ్ దర్గాకు మొక్కే జిల్లా ఇటే మొగ్గింది.

కారణాలు వెతికితే దొరుకుతాయి. రావి నారాయణరెడ్డి గారు మొదట గాంధీజీ బాటలో హరిజన సేవ చేసినవారు. 1941లో చిలుకూరులోను, 1944లో భువనగిరిలోను ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ సభ వెట్టిచాకిరిని, అక్రమ లెవీ ధాన్యాన్ని ఎదిరించింది. ఆ సందేశం పల్లెకు ఉపన్యాసాలుగా కంటె బుర్రకథగా, గొల్లసుద్దులుగా చేరింది. దేవుని కథలు విన్న బాణీలోనే భూమి కథ వింటే పెద్దలకు అది పరాయిదిగా తోచలేదు. కామారెడ్డిగూడెంలో దేశ్‌ముఖ్‌తో పోరాడి చనిపోయిన బందగీ ముస్లిం రైతు. ఆయన త్యాగం హిందువుల ఇళ్లలో కూడా చెప్పుకున్నారు.

మా నాయనమ్మ ఏకాదశి ఉపవాసం తప్పని మనిషి. ఆ ఎన్నికలప్పుడు నేను పసివాణ్ణి. హైస్కూలులో చదివేటప్పుడు, “దేవుడు లేడనేటోళ్లకు ఎట్ల ఏసినవే?” అని అడిగాను. “దేవుని సంగతి దేవుడే సూసుకుంటడు బిడ్డా. పండుగనాడు సుత దొర గడీల చాకిరీ చేసినం. మా పండుగ మాకు ఇప్పిచ్చినోళ్లకు ఏసిన” అన్నది. ఆమె దృష్టిలో అది ధర్మానికి వేసిన ఓటు.

అందరూ అట్లాగే వేశారని అనను. 175 స్థానాల శాసనసభలో పి.డి.ఎఫ్.కు వచ్చినవి 42. ప్రభుత్వం కాంగ్రెస్‌దే, బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా గారు భూదానం ఆరంభించింది కూడా ఈ జిల్లాలోనే. భూమి ప్రశ్నను దాటిపోవడం ఎవరికీ సాధ్యం కాలేదు. 1950 కౌలుదారీ చట్టాన్ని 1954లో సవరించి కౌలుదారుల హక్కులు పెంచారు. నేను తహసీలు కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నప్పుడు 38-ఇ సర్టిఫికెట్ల కోసం వచ్చే రక్షిత కౌలుదారుల వారసులను చూశాను. నుదుట విభూతి, చేతిలో మాసిన కాగితం. ఆ కాగితం వెనుక ఆ పోరాటాలూ, ఆ ఓట్లూ ఉన్నాయి.

నాడు ఓటు వేసినవారికి కనీసం 21 ఏళ్లు. వారిలో ఇప్పుడు మిగిలినవారు బహు కొద్దిమంది. మన ఇళ్లలో, బంధువులలో అటువంటి పెద్దలుంటే, ఎవరికి వేశారని కాదు, ఎందుకు వేశారని అడగండి. చెప్పినది తారీఖు వేసి నోటుబుక్కులో రాసిపెట్టండి. ఫైలు రాయడం మనకు వచ్చిన పనే గదా! ఓట్ల లెక్క ప్రభుత్వ రికార్డులో ఉంది, కారణం మాత్రం వారి నోటనే ఉంది.