ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్: ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు జీవన ప్రమాణాలు ఎక్కడ మెరుగు?

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఉద్యోగ విరమణ సమయం దగ్గరపడగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. క్వార్టర్ ఖాళీ చేశాక ఇక్కడే ఇల్లు కట్టుకోవాలా, ఆంధ్రప్రదేశ్‌కు తిరిగి వెళ్లాలా? ఈ ప్రశ్నకు సమాధానం రెండు రాష్ట్రాల జీవన ప్రమాణాలను పోల్చి చూడటంలో ఉంది.

నేపథ్యం

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను ప్రధాన కూడలిగా తీర్చిదిద్దింది. ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో పని కోసం నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువారు పెద్ద సంఖ్యలో తరలివచ్చారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన వరాహగిరి వేంకటగిరి తదనంతర కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 2,07,604. వివిధ భాషల వారు కలిసి నివసిస్తున్నందున దీనికి ‘మినీ ఇండియా’ అనే పేరు వచ్చింది. తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది.

కొలమానాలు ఏమిటి?

ఆదాయం ఒక్కటే అభివృద్ధి కాదన్న భావనతో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో మానవాభివృద్ధి సూచికను ప్రవేశపెట్టింది. ఆయుర్దాయం, విద్య, ఆదాయం దీనికి మూలస్తంభాలు. దీని రూపకల్పనలో మహబూబ్ ఉల్ హక్‌కు తోడ్పడిన అమర్త్యసేన్ బెంగాల్‌లోని శాంతినికేతన్‌లో జన్మించినవారే. అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారదలచినవారు పన్నులు, ఇళ్ల ధరలు, పాఠశాలలను పోల్చుకోవడం పరిపాటి. మన దేశంలో వీటికి తోడు భాష, స్థానికత, కులధ్రువీకరణ కూడా నిర్ణాయకాలవుతాయి.

గణాంకాలు ఏం చెబుతున్నాయి?

నీతి ఆయోగ్ 2023లో విడుదల చేసిన బహుముఖ పేదరిక సూచిక ప్రకారం పేదల శాతం ఆంధ్రప్రదేశ్‌లో 6.06, పశ్చిమ బెంగాల్‌లో 11.89. 2020-21 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల సూచికలో ఆంధ్రప్రదేశ్‌కు 72, పశ్చిమ బెంగాల్‌కు 62 పాయింట్లు లభించాయి. తలసరి ఆదాయంలోనూ ఆంధ్రప్రదేశ్‌దే పైచేయి.

అయితే అన్ని అంశాల్లోనూ ఫలితం ఇలాగే లేదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి వెయ్యి జననాలకు శిశు మరణాలు పశ్చిమ బెంగాల్‌లో 22 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 30. అదే సర్వేలో 18 ఏళ్లలోపే వివాహమైన యువతులు పశ్చిమ బెంగాల్‌లో 41.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. మహిళల్లో రక్తహీనత పశ్చిమ బెంగాల్‌లో 71.4 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఆసుపత్రి కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, పశ్చిమ బెంగాల్‌లో 91.7 శాతం.

సగటు చెప్పని సంగతులు

రాష్ట్ర సగటు ఏ ఒక్క ఊరి స్థితినీ పూర్తిగా ప్రతిబింబించదు. ఖరగ్‌పూర్ కుటుంబాల్లో అనేకం ఉత్తరాంధ్ర మూలాలున్నవే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని మూత్రపిండాల వ్యాధి దీర్ఘకాలంగా పీడిస్తోంది. అక్కడి రోగుల కోసం పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మరోవైపు పశ్చిమ బెంగాల్‌లో మాల్దా, ముర్షిదాబాద్, నదియా వంటి జిల్లాల్లో భూగర్భజలాల్లో ఆర్సెనిక్ సమస్య తీవ్రం. కనుక తిరిగి వెళ్లదలచినవారు రాష్ట్రం పేరు కంటే మండలం పేరు చూసి నిర్ణయించుకోవడం మేలు.

వైద్య బీమా విషయంలో పశ్చిమ బెంగాల్‌లో 2016లో ప్రారంభమైన ‘స్వాస్థ్య సాథీ’, ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ‘ఆరోగ్యశ్రీ’ పేరుతో ప్రారంభమైన పథకం ప్రధానమైనవి. రాష్ట్రం మారితే అర్హతను కొత్తగా నిర్ధారించుకోవాలి. అయితే రైల్వే పింఛను, పాసులు, విరమణానంతర వైద్య సదుపాయం కేంద్రానికి చెందినవి. అవి రాష్ట్ర సరిహద్దుతో ఆగిపోవు. విశాఖపట్నంలోనూ రైల్వే ఆసుపత్రి ఉంది.

పిల్లల చదువు, కులధ్రువీకరణ

విరమణ చేసినవారికంటే వారి పిల్లలకే ఈ నిర్ణయం ఎక్కువ బరువు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకే. ప్రవేశానికి ముందు నిర్ణీత సంవత్సరాలు అక్కడ చదివి ఉండటం లేదా నివసించి ఉండటం స్థానికతకు ఆధారం. ఖరగ్‌పూర్‌లో చదువు పూర్తిచేసిన తెలుగు విద్యార్థి, ఇంట్లో తెలుగే మాట్లాడినా, ఆ లెక్కలో స్థానికేతరుడే. మిగిలిన 15 శాతంలోనూ కొన్ని షరతులున్నాయి. 1951లో ఇదే పట్టణంలో నెలకొన్న ఐఐటీలో ప్రవేశం మాత్రం జాతీయ స్థాయి పరీక్ష ద్వారా జరుగుతుంది కనుక అక్కడ ఈ నిబంధన వర్తించదు.

షెడ్యూల్డు కులాలు, తెగల జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. వలస వెళ్లిన వ్యక్తి తన మూల రాష్ట్రపు హోదాతో కొత్త రాష్ట్రంలో రిజర్వేషన్ ప్రయోజనం పొందలేడని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో స్పష్టం చేసింది. అందువల్ల తాతముత్తాతల శాశ్వత నివాసానికి సంబంధించిన పత్రాలను భద్రపరచుకోవడం ఇక్కడి కుటుంబాలకు అత్యవసరం.

నిర్ణయానికి ముందు

ఆదాయ అవకాశాలు, పేదరిక తగ్గుదల ప్రధానమనుకునేవారికి ఆంధ్రప్రదేశ్ అనుకూలంగా కనిపిస్తుంది. పిల్లల చదువు సగంలో ఉన్నవారికి, ఇరుగుపొరుగే బలంగా ఉన్న వృద్ధులకు ఖరగ్‌పూర్‌ను విడిచిపెట్టడం నష్టం కావచ్చు. రెండు ఊళ్ల మధ్య సుమారు 760 కిలోమీటర్ల దూరాన్ని కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ వంటి రైళ్లు ఒక్క రాత్రిలోనే కలుపుతున్నందున, ముందుగా కొన్ని నెలలు విశాఖలో అద్దె ఇంట్లో ఉండి చూడటం, ఇక్కడి ఇంటిని వెంటనే వదులుకోకపోవడం వివేకవంతమైన మార్గం.