పేరుచాటు మోసము

దొంగ యనగా రాత్రివేళ గోడకు కన్నము వేయువాడనియే లోకులు తలంతురు. పట్టపగలు, రాజవీథియందు, పెద్దమనిషి పేరు పెట్టుకొని కూర్చుండు దొంగ వేరొకడు కలడు. వాని చరిత్రము గృహస్థులు తెలిసికొనదగినదని మేము తలంచి యిచట కొంత వ్రాయుచున్నాము.

1836వ సంవత్సరమున లండను నగరమందు ఇండిపెండెంట్ అండ్ వెస్ట్ మిడిల్సెక్స్ అను భీమా కంపెనీ యొకటి వెలసెను. ఆ నగరమునకు నీరందించు వెస్ట్ మిడిల్సెక్స్ జలసంస్థ యంతకు మూడు దశాబ్దముల పూర్వమే యేర్పడినది. పేరు వినినవారు ఈ క్రొత్తదానిని ఆ పాతదానికి బంధువుగా నెంచినచో వింత లేదు. బేకర్ వీథిలో కార్యాలయము ఘనముగా నుండెను. పెట్టెలో మాత్రము మూలధనము లేదు.

ముప్పది యేండ్లవాడు 1,000 పౌనులు చెల్లించినచో ఏటేట 80 పౌనుల వర్షాశనము నిత్తుమని వారు చాటిరి. అందు పదునేడున్నర పౌనులు వారికే భీమాగా కట్టినచో, మరణానంతరము 1,000 పౌనులు వారసులకు ముట్టునట. ఇక మిగులునది నూటికి ఆరుంబావు వడ్డీ! ప్రభుత్వ ఋణపత్రములపై నాడు వచ్చునది దానిలో సగమునకు కొంచెము హెచ్చు. లెక్క కుదురదని గణితము చెప్పుచుండెను గాని, కడుపు కట్టుకొని కూడబెట్టినవారు లెక్కను చూడక భవనమును చూచిరి. క్రొత్తవారి సొమ్మే పాతవారికి వర్షాశనమయ్యెను.

1839లో గ్లాస్గో నగరమున స్కాటిష్ రిఫార్మర్స్ గెజెట్ పత్రికాధిపతి పీటర్ మెకంజీ ఈ గుట్టును బయలుపెట్టెను. కంపెనీవారు వ్యాజ్యమునకు దిగినను ఆయన వెనుదీయలేదు. కొలదికాలమునకే కంపెనీ కూలెను. నమ్మినవారి ధనము దానితో పోయెను. పార్లమెంటు ఉపసంఘము ఇట్టి కంపెనీలను విచారించిన పిమ్మట, 1844లో కంపెనీలు ప్రభుత్వమువద్ద నమోదు కావలెనను శాసనము పుట్టెను. అంతవరకు మోసగాని మాటను సరిచూచుటకు మోసగాని గుమ్మమే దిక్కు. అటుపైని వేరొక గుమ్మ మేర్పడెను.

నేడు భవనముతో పని లేదు. పేరుగల సంస్థయొక్క ముద్రను, నమోదు సంఖ్యను సైతము సెల్‌ఫోను తెరపై దింపుట క్షణములో పని. ఆ సంఖ్య నిజమైనదే కావచ్చును; సొమ్ము చేరు ఖాతా మాత్రము దొంగది. కావున సంఖ్య సరిపోయినదని తృప్తిపడరాదు. వచ్చిన సందేశములోని దారిని విడిచి, సెబీవారి జాబితాను మనమే తెరచి, అందున్న చిరునామాకే వ్రాసి యడుగవలెను. సొమ్ము పోయినచో తక్షణమే 1930 సంఖ్యకు ఫోనుచేసి తెలుపవలెను. నలుగురు నవ్వుదురని దాచుకొనుట తగదు. మెకంజీ నోరు విప్పుటచేతనే యెందరో ఆ గుమ్మమునుండి వెనుకకు మరలియుందురు.