ప్రేక్షకులు నడచు నాటకము

కాశికి ఎదురుగా, గంగ ఆవలి ఒడ్డున రామనగరము కలదు. 19వ శతాబ్దిలో కాశీరాజుల పోషణమున రూపొందిన ఇచ్చటి రామలీలకు ప్రత్యేక రంగస్థలము లేదు, ఊరే రంగస్థలము. అయోధ్య, జనకపురి, పంచవటి, లంక అను పేర్లతో వీథులలోను, తోటలలోను, పొలిమేరలలోను స్థలములు స్థిరముగా ఏర్పడియున్నవి. ఏటా అనంత చతుర్దశి మొదలు సుమారు నెలదినములు కథ ఒక చోటినుండి మరియొక చోటికి సాగును. రాముడు వనవాసమునకు బయలుదేరగా ప్రేక్షకుడును అయోధ్యావాసియై వెంట నడచును.

రామాయణీలు తులసీదాసు రామచరితమానసమును గానము చేయుదురు. నడుమనడుమ పాత్రధారులు హిందీ సంవాదములు పలుకుదురు. ధ్వనివర్ధక యంత్రములు లేవు. విద్యుద్దీపములకు మారుగా కాగడాలును, పెట్రోమాక్సు దీపములును వెలుగును. కావున మాట వినబడవలెనన్న వేలాది జనులు మౌనము వహింపవలెను. సీతారామలక్ష్మణులు బాలురే, అయినను కిరీటము ధరించిన పిదప వారు దేవతాస్వరూపులు.

1949లో కాశీ సంస్థానము సంయుక్త రాష్ట్రములలో విలీనమయ్యెను. 1971లో రాజబిరుదములకు ప్రభుత్వ గుర్తింపు తొలగెను. లీల మాత్రము నిలిచినది. రామలీలా సంప్రదాయము 2008లో యునెస్కో పట్టికలో చేరినది. అయితే దానిని నిలుపునది పట్టిక గాదు, వెంట నడచు జనము. సౌలభ్యము కొఱకు లీలనంతయు ఒక వేదికపైకి తెచ్చినచో అందఱును సుఖముగా చూడగలరు. కాని వనవాసపు దూరమును కాళ్ళతో ఎఱుగు భాగ్యము ఎవ్వరికిని దక్కదు.