ధ్రువయాత్రలూ, 2041 అనే బగ్గూ

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా పిన్ని కూతురు నా చేతిలో ఒక కాగితం పెట్టింది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. కాగితం మీద పెంగ్విన్ బొమ్మ, వెనకాల మంచుకొండ, కింద పెద్దక్షరాలతో "2041లో అంటార్కిటికా ఒప్పందం ముగిసిపోతుంది. ఆ తర్వాత తవ్వకాలే! రండి, కాపాడుకుందాం" అని. సంగతేంటంటే, కుర్రకారుని అంటార్కిటికా తీసుకెళ్ళి, పర్యావరణం గురించీ ప్రపంచ పౌరసత్వం గురించీ నాలుగు మాటలు చెప్పి తీసుకొచ్చే యాత్ర ఒకదానికి ఈవిడ ఎంపికైందట. ఖర్చు మాత్రం ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. పన్నెండు లక్షల పైమాటే.

"అన్నయ్యా, మీ ఆఫీసులో ఎవరన్నా స్పాన్సర్ చేస్తారేమో కనుక్కోవా?" అంది.

"పర్యావరణాన్ని కాపాడ్డానికి మూడు విమానాలు మారి భూగోళం అడుక్కి వెళ్ళాలా? అదే డబ్బుతో మన ఊరి చెరువు బాగు చేయించొచ్చు" అన్నాను. ఆ క్షణంలో నాకు నేనే తెగ నచ్చేశాను :-)

అది మొహం ముడుచుకుని, "అసలు వీళ్ళ చరిత్ర ఎప్పుడన్నా చదివావా నువ్వు?" అంది.

చదవలేదు. అందుకని తిరుగు ప్రయాణం బస్సులో మొదలుపెట్టి, ఆ తర్వాత మూడు వారాలు రాత్రుళ్ళు ఇదే పని. చదివాక నా అభిప్రాయం సగం మారింది. ఏ సగం అన్నదే ఈ టపా.

కథ రాబర్ట్ స్వాన్ అనే ఇంగ్లీషాయనతో మొదలవుతుంది. 1912లో దక్షిణ ధ్రువం చేరి, తిరిగొస్తూ నలుగురు సహచరులతో సహా చచ్చిపోయిన కెప్టెన్ స్కాట్ అంటే ఈయనకి చిన్నప్పట్నించీ పిచ్చి. స్కాట్ నడిచిన దారిలోనే నేనూ నడుస్తానని పట్టుబట్టి, ఏళ్ళ తరబడి చందాలు పోగేసి, ఓడ ఒకటి సంపాదించి బయల్దేరాడు. 1985 నవంబరు 3న రోజర్ మియర్, గారెత్ వుడ్ అనే మరో ఇద్దరితో నడక మొదలు. రేడియో లేదు, మధ్యలో సాయం అందే ఏర్పాటూ లేదు. సుమారు 1,400 కిలోమీటర్లు, 70 రోజులు. 1986 జనవరి 11న ధ్రువం చేరారు. చేరగానే తెలిసిన వార్త ఏంటంటే, వాళ్ళ ఓడ సదరన్ క్వెస్ట్ మంచు మధ్య నలిగి మునిగిపోయింది. అక్కడున్న అమెరికన్ స్థావరం వాళ్ళు విమానం ఎక్కించి బయటకి పంపారు.

అప్పటికి స్వాన్ వయసు 29. ఇంచుమించు నా వయసే. నేను ఈ వయసులో సాధించిన ఘనకార్యం హోమ్ లోన్ అప్రూవ్ చేయించుకోవడం. సరే, అది వేరే కథ.

నడకలో తన మొహం చర్మం పొక్కిపోయిందనీ, కళ్ళ రంగు కూడా వెలిసిపోయిందనీ, అది ఓజోన్ పొరకి పడ్డ చిల్లు వల్లేననీ స్వాన్ ఈనాటికీ సభల్లో చెప్తుంటాడు. ఇక్కడ కొంచెం ఆగాలి. చిల్లు నిజమే. 1985 మేలో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఆ సంగతి బయటపెట్టారు. కానీ ఓజోన్ బాగా పల్చబడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. పైగా చిల్లు ఉన్నా లేకపోయినా తెల్లటి మంచు ఎండని తిప్పి మొహాన కొడుతుంది. ఒక మనిషి మొహం చూసి ఓజోన్ లెక్క తేల్చలేం. మాకు ప్రొడక్షన్లో ఏది ఆగిపోయినా "నిన్న చేసిన డిప్లాయ్‌మెంట్ వల్లే" అంటారే, అలాంటిది. కావచ్చు, కాకపోవచ్చు. లాగ్ చూడకుండా చెప్పకూడదు.

అయితే కారణం ఏదైనా, ఆ నడక మనిషిని మాత్రం మార్చింది. సాహసం కోసం వెళ్ళినవాడు పర్యావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. తర్వాతి యాత్ర దాని ఫలితమే.

దాని పేరు ఐస్‌వాక్. 1989లో. ఈసారి ఉత్తర ధ్రువం. ఏడు దేశాల నుంచి ఎనిమిది మంది. జర్మనీ నుంచి ఆర్వెడ్ ఫుక్స్, సోవియట్ యూనియన్ నుంచి మిషా మలకోవ్ అనే డాక్టరు, జపాన్ నుంచి హిరోషి ఒనిషి, కెనడా నుంచి ఆర్కిటిక్ తెగకే చెందిన ఆంగస్ కాక్నీ, ఆస్ట్రేలియా నుంచి గ్రేమ్ జాయ్, న్యూయార్కు హార్లెం నుంచి డారిల్ రాబర్ట్స్ అనే నల్లజాతి కుర్రాడు, బ్రిటన్ నుంచి రూపర్ట్ సమర్సన్, స్వాన్. బెర్లిన్ గోడ ఇంకా కూలలేదు. రష్యావాడూ అమెరికావాడూ ఒకే గుడారంలో పడుకోవడమే అప్పట్లో వార్త. మార్చి 20న బయల్దేరి 56 రోజులకి, మే 14న ధ్రువం చేరారు. దారిలో మంచుకాటుకి డారిల్ మడమ కండ ఊడిపోయింది. అయినా ఆగకుండా చివరిదాకా నడిచాడు. ఒకేసారి రెండు ధ్రువాలూ కాదుగానీ, రెంటికీ నడిచి వెళ్ళిన మొదటి మనిషిగా స్వాన్ పేరు నిలిచిపోయింది.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది దాని పక్కనే నడిచిన రెండో యాత్ర. 15 దేశాల నుంచి 22 మంది విద్యార్థుల్ని కెనడా ఉత్తరాన యురేకా అనే చోట దింపారు. ఎల్స్‌మియర్ దీవి అది. వీళ్ళ పని ధ్రువానికి నడవడం కాదు. ఆర్కిటిక్‌ని కళ్ళారా చూసి, అక్కడ కాలుష్యం గురించి నేర్చుకుని, వెనక్కెళ్ళి తమ దేశంలో చెప్పడం. ఈరోజు మా చెల్లెలు ఎంపికైన యాత్రలాంటి వాటికి మూలపురుషుడు ఇదే.

అదే ఏడు జులైలో దక్షిణాన ఇంకో బృందం బయల్దేరింది. అమెరికన్ విల్ స్టీగర్, ఫ్రెంచి డాక్టరు జాన్ లూయీ ఎత్యెన్, ఇంకా సోవియట్, చైనా, బ్రిటన్, జపాన్ దేశాల నుంచి ఒక్కొక్కరు. ఆరుగురూ కుక్కల బండ్లతో అంటార్కిటికాని దాని పొడుగు వైపున దాటారు. ఆరు వేల కిలోమీటర్ల పైనే, 220 రోజులు. ఇంక ఒకటి రెండు రోజుల్లో అయిపోతుందనగా జపాన్ ఆయన కెయ్‌జో ఫునాట్సు మంచు తుఫానులో దారి తప్పి, మంచులో గొయ్యి తీసుకుని దాంట్లో 13 గంటలు ముడుచుక్కూర్చున్నాడు. మిగతావాళ్ళు తాడు పట్టుకుని వలయంగా తిరుగుతూ వెతికి పట్టుకున్నారు. చైనా ఆయన చిన్ దహె దారి పొడుగునా మంచు నమూనాలు సేకరించాడు. తర్వాత రోజుల్లో ఐక్యరాజ్యసమితి వాతావరణ కమిటీ 2007 నివేదికలో విజ్ఞాన విభాగానికి ఇద్దరు సారథుల్లో ఒకడయ్యాడు. కుర్రాళ్ళు కాదు గానీ వీళ్ళదీ అదే నినాదం: అంటార్కిటికాని తవ్వొద్దు, అది అందరిదీ.

ఇప్పుడు అసలు ప్రశ్న. వీళ్ళ నడక వల్ల తవ్వకాలు ఆగాయా?

నిజం చెప్పాలంటే, నేరుగా ఆగలేదు. ఆగిన వైనం ఇది. 1988 జూన్‌లో వెల్లింగ్టన్‌లో దేశాలన్నీ కలిసి అంటార్కిటికాలో గనులకి నిబంధనలు రాసుకున్నాయి. నిషేధం కాదండోయ్, నిబంధనలు. అంటే షరతులతో తవ్వుకోవచ్చన్నమాట. 1989 జనవరిలో అర్జెంటీనా ఓడ బహియా పరైసో అంటార్కిటికా తీరంలోనే మునిగి సుమారు ఆరు లక్షల లీటర్ల చమురు కారింది. మార్చిలో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ప్రమాదం. ఐస్‌వాక్ వాళ్ళు నడక మొదలెట్టిన నాలుగో రోజున. ఫ్రాన్స్‌లో సముద్ర పరిశోధకుడు కుస్తో పది లక్షలకి పైగా సంతకాలు పోగేశాడు. మేలో ఆస్ట్రేలియా ప్రధాని బాబ్ హాక్ "మేం సంతకం పెట్టం" అన్నాడు, ఫ్రాన్స్ జత కలిసింది. వెల్లింగ్టన్ కాగితం చెత్తబుట్టలోకి పోయింది. 1991 అక్టోబరు 4న మాడ్రిడ్‌లో దాని బదులు వేరే ఒప్పందం రాసుకున్నారు. అందులో ఏడో అధికరణం ఒక్కటంటే ఒక్క వాక్యం. శాస్త్ర పరిశోధనకి తప్ప ఖనిజాల జోలికి ఎవరూ వెళ్ళకూడదని దాని సారాంశం.

అంటే పని చేసింది చమురు మరకలూ, సంతకాలూ, దౌత్యవేత్తల కామాలూ ఫుల్‌స్టాపులూ. మంచులో నడిచినవాళ్ళు ఆ గాలికి తోడయ్యారు, అంతే. గాలి పుట్టించింది వాళ్ళు కాదు. ఇంతవరకూ నా చెరువు వాదనే గెలుస్తోంది కదా?

కాదు. ఇక్కడే నా సగం అభిప్రాయం మారింది.

1997లో స్వాన్ మళ్ళీ 25 దేశాల నుంచి 35 మంది కుర్రాళ్ళని కింగ్ జార్జ్ దీవిలోని రష్యన్ స్థావరం బెలింగ్స్‌హౌజెన్‌కి తీసుకెళ్ళాడు. 1968 నుంచీ నడుస్తున్న స్థావరం అది. చుట్టూ తుప్పుపట్టిన ఇనుము, డ్రమ్ములు, పాడైన వాహనాలు గుట్టలుగా పడున్నాయి. సోవియట్ యూనియన్ పోయాక వాటిని ఎత్తే డబ్బు ఎవరి దగ్గర ఉంది? మాడ్రిడ్ ఒప్పందం పాత చెత్త కూడా తీసెయ్యాలంటుంది, కానీ లారీ కిరాయి ఇవ్వదు. ఈ యాత్ర తర్వాత విరాళాలు పోగుచేసి, ఓడ మాట్లాడి, 1,500 టన్నుల చెత్తని దక్షిణ అమెరికాకి తరలించి కరిగించారు. మొత్తం ఎనిమిదేళ్ళు పట్టిందని స్వాన్ లెక్క.

56 రోజుల నడక, ఎనిమిదేళ్ళ చెత్త. మొదటిదానికి ఫొటోలున్నాయి, రెండోదానికి దాదాపు లేవు. మా భాషలో చెప్పాలంటే మొదటిది లాంచ్, రెండోది మెయింటెనెన్స్. లాంచ్‌కి కేకు కోస్తారు, మెయింటెనెన్స్‌కి ఎవరూ కొయ్యరు. కానీ ఆ నడక లేకపోతే ఆ ఎనిమిదేళ్ళు మొండిగా కూర్చునే మనిషి తయారయ్యేవాడు కాదు. యాత్ర విలువ కొలవాల్సింది వెళ్ళినవాడు ధ్రువం దగ్గర ఏం చేశాడని కాదు, ఇంటికొచ్చి పదేళ్ళు ఏం చేశాడని.

మనవాళ్ళకీ ఆ మంచు కొత్త కాదు. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006 జనవరిలో అంటార్కిటికాలోని విన్సన్ శిఖరం ఎక్కి, ఆ ఏడే 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేశాడు. తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2019 డిసెంబరులో విన్సన్ ఎక్కింది. ఎందుకు వెళ్ళారని వాళ్ళని నేను అడగలేదు, మా చెల్లెల్ని మాత్రం అడిగాను. తప్పే.

ఇంక 2041 సంగతి. స్వాన్ తన సంస్థకి పెట్టుకున్న పేరే అది. లెక్క ఎక్కణ్ణించి వచ్చిందో ఊహించడం తేలికే. 1991కి యాభై కలిపితే 2041. కానీ ఒప్పందంలో యాభై ఏళ్ళు లెక్కపెట్టేది సంతకం పెట్టిన రోజు నుంచి కాదు, అమల్లోకి వచ్చిన రోజు నుంచి. వారంటీ బిల్లు తేదీ నుంచా, ఇన్‌స్టలేషన్ తేదీ నుంచా అన్న గొడవ లాంటిదే ఇది. అప్పటికి ఓటు హక్కున్న 26 దేశాలూ ఆమోదిస్తేగానీ అమల్లోకి రాదన్నారు. చిట్టచివర జపాన్ ఆమోదించాక 1998 జనవరి 14న వచ్చింది. కాబట్టి సరైన తేదీ 2048 జనవరి 14. ఏడేళ్ళ తేడా. ఆఫ్ బై సెవెన్ బగ్గు!

అంతకన్నా పెద్ద బగ్గు "ముగిసిపోతుంది" అన్న మాట. 2048లో ఏదీ ముగియదు. అప్పట్నించీ ఓటు హక్కున్న ఏ దేశమైనా సమీక్ష సభ పెట్టమని అడగొచ్చు, అంతే. అడిగినా, ఆ పాత 26 దేశాల్లో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి. మార్పు అమల్లోకి రావాలంటే ఆ 26 దేశాలూ ఆమోదించాలి. గనుల మీద కట్టుబడే వేరే చట్టం లేనిదే నిషేధం ఎత్తెయ్యడానికి వీల్లేదు. ఆ 26లో 1983లోనే ఓటు హక్కు తెచ్చుకున్న మన దేశం కూడా ఉంది. అంటే ఢిల్లీ వద్దంటే ఆ మార్పు అమలు కాదు. ఒక సందు మాత్రం ఉంది. సభ ఒప్పుకున్న మార్పు మూడేళ్ళలో అమలు కాకపోతే, నోటీసిచ్చి బయటికి పోవచ్చు.

ఇది చాదస్తంలా కనిపించొచ్చు. కానీ "గడువు దగ్గర పడుతోంది" అని ఊరంతా నమ్మితే, గడువు రాగానే తవ్వడం న్యాయమే అని కూడా నమ్ముతారు. గడువు లేని నిషేధానికి మనమే గడువు అంటగట్టి, తవ్వాలనుకునేవాడికి పని సులువు చేసినట్టు అవుతుంది.

ఇదంతా ఫోన్లో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే కాగితం మార్చాలా అన్నయ్యా?" అంది.

"మార్చు. వచ్చాక పదేళ్ళు ఏం చేస్తావో కూడా రాయి. అది రాస్తే నా వంతు లక్ష ఇస్తా."

రెండు రోజులకి కొత్త కాగితం పంపింది. పెంగ్విన్ అలాగే ఉంది. కింద "ఈ నిషేధానికి గడువు లేదు. 2048లో దాన్ని మార్చమని అడగొచ్చు. అప్పటికి నాకు 42 ఏళ్ళు, వద్దని చెప్పడానికి నేనుంటాను" అని రాసింది. ఇంకో లైను కూడా ఉంది: వచ్చిన వెంటనే మొదటి పని, మన ఊరి చెరువు. నన్ను వెక్కిరించడానికే పెట్టిందని నా అనుమానం.

ఇంకా ఏడు లక్షలు తక్కువ పడుతున్నాయి. సోమవారం మా మేనేజర్ని అడగాలి.